ఓడినవాడి పెట్టె

రుష్దీ ఇవాళ గెలిచాడంటే కొంప మునిగినట్టే. ఆ సంగతి అతనికి తెలుసు, కాఫీ కొట్టు హమ్దీకి తెలుసు. దిక్కుమాలిన పాచికలకే తెలియడం లేదు.

డమాస్కస్‌లోని ఆ కొట్టులో ఖైదు ఆట రానివాడు లేడు. ఒంటరిగా దొరికిన ఎదుటివాడి బిళ్ళ మీద మన బిళ్ళ పెడితే అది ఖైదు. మనం లేచేదాకా దానికి కదలిక లేదు. బయలుదేరిన గడిలో మిగిలిన ఆఖరి బిళ్ళ పేరు 'అమ్మ'. అమ్మ ఖైదయితే ఆట సరి. ఇక ఓడినవాడు ఆట పెట్టె చంకలో పెట్టుకుని, బజారంతా నవ్వుతుంటే ఇంటికి మోసుకుపోవాలి. ఆట నేర్చుకుని మర్నాడు తేవాలి.

మూడు నెలలుగా రోజూ మోస్తున్నది రుష్దీయే. ఇంటికి పోయే దారిలో, కోట గుమ్మం దగ్గర ఫ్రెంచి సిపాయిలు వచ్చేపోయేవాళ్ళందరినీ తడిమి చూస్తారు. ఇతన్ని చూస్తే మాత్రం పగలబడి నవ్వి వదిలేస్తారు. ఆ పెట్టె అడుగునున్న దొంగ అరలో హమ్దీ సర్దే మందులూ కట్టుగుడ్డలూ, ఊరవతల తోటల్లో దాక్కున్న తిరుగుబాటుదారులకి చేరుతున్నాయి.

రోజూలాగే ఎదురుగా కూర్చున్నది అబూ షాకిర్. ఓటమి ఎరగని ముసలాయన. పైగా పొద్దున్నే ఫ్రెంచి కెప్టెన్‌తో టీ తాగే రకం. పెట్టె ఆయన చేతిలో పడితే రుష్దీకీ హమ్దీకీ ఉరితాడే.

అలాంటి ఘనుడు ఇవాళ అమ్మని ఒంటరిగా వదిలేసి మీసం దువ్వుకుంటున్నాడు!

"బాబాయ్, అమ్మని చూసుకో," అన్నాడు రుష్దీ ఉండబట్టలేక.

"నీ ఆట నువ్వాడరా. నాకే పాఠాలు చెప్పేంతవాడివయ్యావా?"

అమ్మ మీద పెట్టకుండా రుష్దీ రెండుసార్లు ఎలాగో తప్పించుకున్నాడు. మూడోసారి ఆరు, ఆరు పడ్డాయి. అన్ని బిళ్ళలూ బిగుసుకుపోయాయి. కదిలేది ఒక్కటే, అది పోయేది తిన్నగా అమ్మ మీదికే. రుష్దీ చూడనట్టు ఇంకో బిళ్ళ పట్టుకున్నాడు.

"అదెక్కడికి పోతుందయ్యా? ఎత్తు ఉంటే ఆడి తీరాల్సిందే!" అరిచాడొకడు.

"గెలుపు చేతికొస్తే వణికి చస్తున్నాడు చూడండ్రా!" అన్నాడు ఇంకొకడు.

"ఒంట్లో బాలేదు, రేపాడతాను," అని లేవబోతే నలుగురు భుజాలు పట్టి కూలేశారు. హమ్దీ కాఫీ గిన్నె పట్టుకుని కొయ్యబారిపోయాడు. రుష్దీకి పారిపోవడానికి గుమ్మం కూడా కనబడటం లేదు, అంతా జనమే. అమ్మ మీద బిళ్ళ పెట్టాడు.

కొట్టు దద్దరిల్లింది. అబూ షాకిర్ పెట్టె టప్పున మూసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దవాడివి బాబాయ్, నేను మోస్తాను," అంటూ రుష్దీ పెట్టెని పట్టుకుని వేలాడాడు.

"కుదరదు! ఓడినవాడే మొయ్యాలి!" అన్నారంతా ఒక్క గొంతుతో.

ముసలాయన నవ్వుతూనే అతని చెవి దగ్గరికి వంగాడు.

"వదులు. ఇవాళ నీ పెట్టె విప్పి చూస్తారట, పొద్దున కెప్టెన్ నోరు జారాడు. నా చంకలోది ఎవడూ ముట్టుకోడు. ఇన్నాళ్ళూ నిన్ను ఓడించి పంపింది ఎందుకనుకున్నావురా? ఆ తోటలో దెబ్బలు తిని పడున్నది మా అబ్బాయి షాకిర్."