వెనక సీటు

ఘాట్ రోడ్డు మీద బస్సులు వాటంతటవే నడవడం మొదలయ్యాక డ్రైవర్లకు మిగిలింది వీడియో గేమే. టైర్లలో గాలి ఎంత, స్ప్రింగుల బిగువు ఎంత అన్నది గేమ్‌లో అమర్చి మిగతా డ్రైవర్లతో బస్సు పందెం ఆడాలి. గెలిచినవాడి అమరికతోనే మర్నాడు అసలు బస్సులు కొండెక్కుతాయి. మూడుసార్లు ఓడినవాడు ఇంటికే.

ఓబులేసు రెండుసార్లు ఓడాడు. ఇవాళ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"వెనక స్ప్రింగులు బిగించు నాయనా," అంది పక్కన కూర్చుని నేర్పుతున్న కూతురు శివలీల. "మెత్తగా పెట్టినందుకే ప్రతి మలుపులోనూ వెనకబడ్తాండావు."

"బిగిస్తే వెనక సీటోళ్లు ఎగిరి పడ్తారు పాపా."

"గేమ్‌లో బస్సు ఖాళీ కదా. ఎగరడానికి ఎవురుండారు?"

ఓబులేసు తెర మీది ఖాళీ సీట్లను ఒక్కొక్కటే చూశాడు. లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నాడు. చివరికి బిగించాడు. గెలిచాడు.

మర్నాడు మొదటి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో మనవరాలు. మొదటి మలుపు ఇంకా రానేలేదు, ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"అందరూ కమ్మీలు గట్టిగా పట్టుకోండి."

"ఎందుకు నాయనా?" అంది ముసలమ్మ.

"ఈ బస్సు తోలుతాండేది నేనే అవ్వా."