వల లాగే పాట

యారాడ జాలరి కొడుకు ఎల్లాజీ పదేళ్లుగా ఊరూరా తిరిగి రాక్ పాటలు పాడాడు. ఎక్కడైనా కచేరీ చివర్లో తండ్రి నేర్పిన వల లాగే పాట అందుకుంటే వేలమంది బదులు పలికేవారు. అప్పుడు భార్య దేవికి ఒళ్లు పులకరించేది.

ఇక పాడితే గొంతు పోతుందని డాక్టరు చెప్పడంతో, రెండువేల రెండులో ఆఖరి కచేరీ యారాడ తీరాన పెట్టాడు. జనం వెళ్లిపోయాక, వేటకెళ్లి తిరిగిరాని తండ్రిని తలుచుకుని, మైకు లేకుండా ఆ వల పాటలో ఒక్క చరణం పాడాడు.

చీకట్లో, సముద్రం మీంచి ఒకే ఒక్క గొంతు బదులు పలికింది.

"ఆపీ బావా! గొంతు పోద్ది!" దేవి అతని చెయ్యి పట్టుకుంది.

"బదులొచ్చినాక, వల ఒడ్డుకొచ్చీదాకా ఆపకూడదే. అయ్య మాట."

శ్రుతి తప్పకుండా మళ్లీ అందుకున్నాడు. ఇంత బాగా ఎన్నడూ పాడలేదనుకుంది దేవి, అతని చెయ్యి వదలకుండానే.

ఈసారి బదులు మోకాలి లోతు నీళ్లలోంచి వచ్చింది.