మూడో కాజా

“ఇది కుక్కా, బియ్యం బస్తానా అండీ?” కాటా మీద కూలబడ్డ బుజ్జిని చూసి పశువుల డాక్టరు శ్రీదివ్య కళ్లద్దాలు సర్దుకుంది.

మండపేటలో కిరాణా కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావు తల దించుకున్నాడు. “తప్పంతా నాదేనండి. రోజూ పొద్దున్నే నేతి మినపట్టు పెట్టింది నేనే.”

“కాదండి, నాది,” భార్య రమాదేవి కొంగుతో కళ్లొత్తుకుంది. “మధ్యాహ్నం ముద్దపప్పన్నం నెయ్యి కారేలా కలిపింది నేను.”

“లివర్‌కి కొవ్వు పట్టేసిందండి. పాపం, ఎప్పుడూ వద్దనలేదా?”

“మొహం తిప్పుకునేదండి. మొహమాటపడుతోందేమో అనుకుని, ఇంకో రెండు ముద్దలు కొసరి పెట్టేవాళ్లం,” అంది రమాదేవి.

డాక్టరు నవ్వాపుకుని మందులు రాసిచ్చింది. రమాదేవి వెంటనే సంచిలోంచి కాజాల డబ్బా తీసింది.

“వద్దండి, ఇప్పుడే టిఫిన్ చేశాను.”

“ఒక్కటేనండి, నా మాట కాదనకండి.”

డాక్టరు తింది. “ఒంటి కాజా ఏంటండీ, శత్రువులకి పెట్టినట్టు?” అంటూ రమాదేవి రెండోది చేతిలో పెట్టేసింది. మూడోది రాగానే డాక్టరు నిండిన నోటితో మొహం పక్కకి తిప్పేసింది.

అచ్చం బుజ్జిలాగే.

కుక్కుటేశ్వరరావు డాక్టర్ని చూశాడు. కాటా మీది కుక్కని చూశాడు. అది డాక్టరు వంక జాలిగా చూస్తోంది, ‘తినెయ్యండి, వీళ్లు వదలరు’ అన్నట్టు.

ఆయన మెల్లగా భార్య చేతిలోని కాజా అందుకుని, డబ్బాలో వేసి మూత పెట్టేశాడు.

“మొహమాటం కాదే, రమా. నిజంగానే చాలేమో!” అన్నాడు, బుద్ధెరిగాక మొదటిసారిగా.

బుజ్జి లేవలేక, పడుకున్న చోటి నుంచే తోక ఊపింది.