మొక్కిన జుట్టు

దేవుడికి మొక్కుకున్న జుట్టు తల మీద ఉన్నన్నాళ్లు అది మనదా, దేవుడిదా?

దశరథకు ఈ సందేహం కొన్నేళ్లుగా ఉంది.

మనదైతే ఊడినందుకు మనం ఏడవాలి. దేవుడిదైతే, ఆయన సొత్తు తన తల మీద ఎందుకు నిలవడం లేదో ఆయనే చెప్పాలి.

దశరథది పోచంపల్లి. మగ్గం పని. తెలంగాణ ఆంధ్రతో కలిసిన ఏడు అతని కూతురు పుష్పమ్మకు విషజ్వరం వచ్చింది. పట్నం దవాఖానలో పిల్ల కండ్లు తెరవకుండా పడి ఉంటే, అందరూ వినేట్టు మొక్కాడు.

"నర్సింహస్వామీ! నా బిడ్డ లేస్తే గుట్టకొచ్చి తలనీలాలిస్త."

పిల్ల లేచింది. అతను యాదగిరిగుట్టకు పోలేదు.

ఇంటికొచ్చిన కొద్ది నెలలకే నడినెత్తి పలచబడటం మొదలైంది.

"గీ జుట్టు ఇస్తే స్వామి ఏమనుకుంటడు? నిండుగ మొక్కిన, నిండుగనే ఇస్త" అన్నాడు భార్య సావిత్రమ్మతో.

ఆమెకు చెప్పని భయం ఇంకొకటి ఉంది. ఒకసారి గుండు చేయిస్తే మళ్లీ మొలుస్తుందో లేదో.

పుష్పమ్మకు ఒళ్లు వెచ్చబడ్డప్పుడల్లా సావిత్రమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, భర్త తల వైపు చూసేది.

కొన్నేళ్లు చూసి చూసి చివరికి ఆమే గుంటగలగర ఆకు రసం పోసి నువ్వుల నూనె కాచింది. పక్కింటి భీమయ్య మాత్రం ఉల్లిగడ్డ రసాన్ని మించిన మందు లేదన్నాడు. ఇద్దరూ తగ్గలేదు.

దశరథ తనకు తెలిసిన పద్ధతిలోనే తేల్చాలనుకున్నాడు. నూలును రంగులో ముంచే ముందు, రంగు అంటకూడని చోట పాత సైకిల్ ట్యూబు పీలికతో బిగించి కట్టడం వాళ్ల పని. అలాంటి పీలికనే పాపిట వెంట పెట్టి, గడ్డం కింద ముడి వేశాడు. ఎడమకు నూనె, కుడికి ఉల్లి రసం. ఒకటి దాటి ఇంకొకదానిలో కలవకూడదు.

"చీరకు అంచు దించుతున్నవా అన్నా?" అన్నాడు భీమయ్య.

"నవ్వకురా. ఎండాకాలం దాటనియ్యి, ఎవరి మందు గెలుస్తదో చూద్దం."

"కుడి దిక్కు మొలిస్తే వదినె నాకు కోడికూర వండి పెట్టాలె."

"ఎడమ దిక్కు మొలిస్తే?" అంది సావిత్రమ్మ.

"మొలిస్తే గద!"

ఒక మధ్యాహ్నం రుమాలు చుట్టుకున్న ముసలాయన అరుగు దగ్గర ఆగి మంచినీళ్లు అడిగాడు. పుష్పమ్మ చెంబు తెచ్చింది. ఆయన చెంబు అందుకుని, తాగడం మరిచి పిల్లను చూశాడు.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న తాతా."

నీళ్లు తాగాక ఆయన దశరథ తల చూశాడు.

"ఇదేంది నాయినా?"

దశరథ గడ్డం కింది ముడి సర్దుకున్నాడు. భీమయ్యే నవ్వుతూ అంతా చెప్పాడు, మొక్కుతో సహా.

ముసలాయన నవ్వలేదు.

"మీ బాపుకు గూడ గిట్లనే ఊడి ఉంటది. గీ తీరుగ ఊడేది దేనికీ ఆగదు నాయినా. ఎంతుంటే అంతే ఇచ్చి రా."

దశరథ తండ్రిది బట్టతలే. అందుకే మాట ఇంకా మండింది.

"నువ్వేమన్న వైద్యునివా? ముందు నీ రుమాలు తియ్యి. నీ జుట్టెంతుందో చూద్దం."

ముసలాయన తీశాడు. తల నున్నగా మెరిసింది.

"ఇగో పెద్దమనిషి!" భీమయ్య చప్పట్లు కొట్టాడు. "నీ నెత్తికే దిక్కు లేదు, మా అన్నకు చెప్పొస్తివి! ఉల్లి రసం మిగిలింది, జర రాయమంటవా?"

"నేను..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. నవ్వులో అది ఎవరికీ వినపడలేదు.

రుమాలు చుట్టుకుని, పుష్పమ్మ తల నిమిరి వెళ్లిపోయాడు.

ఎండాకాలం దాటింది. రెండు మందులూ ఓడిపోయాయి. ఎడమా కుడీ తేడా లేకుండా నెత్తి బయటపడింది. కొత్తగా వచ్చింది పీలిక ఒరుసుకున్న గీత ఒక్కటే.

మరుసటి ఏడు వానలు పడ్డాక పుష్పమ్మకు మళ్లీ జ్వరం వచ్చింది. ఎంతకీ దిగలేదు. ఈసారి సావిత్రమ్మ అతని తల వైపు చూడలేదు. దశరథ దానికే భయపడ్డాడు.

పిల్ల లేచి తిరగగానే ముగ్గురూ గుట్టకు బస్సెక్కారు.

కల్యాణకట్టలో క్షౌరం చేసే కృష్ణయ్య కత్తి నూరుతూ అడిగాడు.

"ఎవరి మొక్కు?"

"మా బిడ్డది. పోచంపల్లి పుష్పమ్మ."

కత్తి ఆగింది.

"పట్నం దవాఖానల పడి లేచిన పిల్లనా?"

"నీకెట్ల తెలుసు?"

"ఒక ముసలాయన ఏటా వచ్చి ఈ పిల్ల పేరు మీద గుండు చేయించుకునేటోడు. నెరిసినా ఎంత దట్టమైన జుట్టో! 'వాళ్ల నాయిన వచ్చేదాంక నాది తీస్కో స్వామీ' అని దండం పెట్టేటోడు. పోయినేడు గుండు చేయించుకుని, పిల్లను జూసి పోత అని మీ ఊరి దిక్కే పోయిండు."

దశరథ నెత్తి తడుముకున్నాడు.

"ఈ ఏడు వచ్చిండా అన్నా?" సావిత్రమ్మ అడిగింది.

"ఇంక రాడమ్మా. చలికాలంల కాలం చేసిండట. వాళ్ల ఊరోళ్లు చెప్పిండ్రు."

"మాకేమైతడని చేసిండు?" అంది సావిత్రమ్మ.

కృష్ణయ్య దశరథ తల మీద నీళ్లు చల్లి, పని మొదలుపెట్టాడు. పలచటి వెంట్రుకలు బుట్టలో పడుతున్నాయి. దశరథ తల వంచుకుని కూర్చున్నాడు.

"దవాఖానల మీ పిల్ల పక్క మంచం మీద ఆయన మనుమరాలు ఉండెనట, మొక్కుకునే టైము గూడ ఇయ్యకుండనే ఆ పిల్ల పోయిందట, బతికిన పిల్ల మీదనన్న బాకీ ఉండొద్దని వచ్చేటోడు" అన్నాడు కృష్ణయ్య, చివరి పాయ బుట్టలోకి దించుతూ.