మురుగులో దొరికిన మందు

"మళ్ళీ మా ఆస్పత్రి మురుగు కాలువ దగ్గరేనా?" ఫోన్లో ఒతారి గొంతు ఖంగుమంది.

"మరి మందు ఎక్కడ దొరుకుతుందనుకున్నావు, మీ మందుల కొట్లోనా?" అంటూ లమారా తాడు లాగి సీసా పైకి తీసింది. గుప్పున బ్లీచింగ్ వాసన కొట్టింది. "నాశనం! ఇంత బ్లీచింగ్ పోస్తే నాక్కావలసినవి బతుకుతాయా?"

"శుభ్రంగా ఉన్నందుకు తిట్టేదానివి నువ్వొక్కతివే. సరే విను. గురువారం పొద్దున కాలు తీసెయ్యడమే. కాగితం మీద సంతకం పెట్టేశాను. లాషా కోస్తాడు. నా శిష్యుడు, చెయ్యి వణకదు."

ఒతారి త్బిలిసి నగరంలో పేరుమోసిన సర్జన్. లమారా ఫేజ్‌ల మనిషి. ఫేజ్ అంటే మన జోలికి రాకుండా, జబ్బు చేసే బాక్టీరియాను మాత్రం చంపే వైరస్. జబ్బు ఉన్నచోటే దాని శత్రువూ ఉంటుంది కాబట్టి ఆవిడ వెతుకులాటంతా మురుగులోనే. ఆవిడ ప్రయోగశాలకి 'మురుగు వంటిల్లు' అని పేరు పెట్టింది కూడా ఒతారే. చదువుకునే రోజుల నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఇప్పుడు ఆ కాలి ఎముకలో చేరిన బాక్టీరియా ఏ యాంటీబయాటిక్‌కీ లొంగడం లేదు.

"వచ్చే నెల మనవరాలి పెళ్ళిలో ఆడాల్సిన కాలు అది!" అంది లమారా.

"ఒంటికాలి మీద ఆడతాడులే ముసలాడు. కాలు పోతే మనిషి మిగులుతాడు. విషం రక్తంలోకి ఎక్కితే రెండూ పోతాయి."

"కోయడం తప్ప నీకింకేం తెలుసు, రాతిగుండె!"

"ఎప్పుడు కోయాలో తెలుసు. బుధవారం సాయంత్రం దాకా చూస్తాను."

లమారాకి ఒళ్ళు మండిపోయింది. ఆస్పత్రి గొట్టం నదిలో కలిసే చోట బురదలోకి దిగి, బ్లీచింగ్ ఘాటు తగ్గిన నీళ్ళు పట్టింది. వాటిని వడగట్టి, ఆ కాలి పుండు నుంచి తీసి పెంచిన బాక్టీరియా పొర మీద చుక్క వేసింది.

తెల్లారేసరికి ఆ పొరలో గుండ్రటి చిల్లులు, అక్కడ బాక్టీరియా చచ్చినట్టే! అరవై దాటిన మనిషి అందరి ముందూ ఈల వేసింది. ఇదివరకైతే ఆ ఫేజ్ మంచిదో చెడ్డదో తేలడానికి నెలలు పట్టేది. ఇప్పుడు యంత్రం ఒక్క రోజులో దాని జన్యువులన్నీ చదివి, విషమేమీ లేదని చెప్పింది.

"దొరికింది," అని ఫోన్ చేసింది.

"మురుగు నీళ్ళేగా?"

"శుద్ధి చేసిన మురుగు."

"సరే, పుండులో పొయ్యండి మరి. జ్వరం పెరిగిందంటే మాత్రం కత్తే."

జ్వరం పెరగలేదు. మూడు వారాలకి నర్సు ఎలిసో కట్టు విప్పింది. లాషా వంగి చూశాడు. చీము లేదు, కొత్త కండ గులాబీ రంగులో నిండుగా ఉంది. పరీక్షలో బాక్టీరియా ఆనవాలే లేదు. వార్డంతా ఈలలు, చప్పట్లు. ఎవరో వైన్ సీసా కూడా తెచ్చారు. లమారా పట్టలేని ఆనందంతో ఏడ్చేసింది.

"ఇప్పుడేమంటావు, కత్తిదొరా?"

"ఓడిపోయానే తల్లీ! జన్మలో ఇంత హాయిగా ఎప్పుడూ ఓడలేదు."

ఒతారి తన కాలు మెల్లగా మంచం మీంచి దించి నేల మీద మోపాడు.