కొరికిన సీసం

ఈ సంబంధం వద్దని చెప్పడానికి సీతమ్మకి ఒక్క కారణం దొరికితే చాలు. కళింగపట్నంలో బస్సు దిగిన పది నిమిషాలకే అరడజను దొరికాయి.

మొదటిది వాసన. రోడ్డు పక్కనే, మనుషులు నడిచే చోటే, ఎండుచేపలు పరిచేశారు. వాటి మీద ఈగలు, చుట్టూ కుక్కలు. సీతమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నెల్లిమర్ల నుంచి మూడు బస్సులు మారి వచ్చింది ఈ కంపు పీల్చడానికా అని దారంతా గొణిగింది.

కూతురు మెర్సీ విననట్టే నడిచింది. పాస్టరు గారి చేత ఈ సంబంధం చెప్పించింది తనే. పేరు ఏసురాజు. తాగడు, చుట్ట ముట్టడు, చర్చిలో పాటలు పాడతాడు. శనివారం సాయంత్రానికల్లా అవునో కాదో చెప్పమని పాస్టరు గారు గడువు పెట్టారు. ఇవాళే శనివారం.

చెప్పకుండా వెళదామన్నది సీతమ్మే. చెప్పి వెళితే ఎవడైనా ఉతికిన చొక్కా తొడుక్కుంటాడు. ఫోటోలో చూసిందీ ఇస్త్రీ చొక్కానే. మనిషి అసలు రంగు తెలియాలంటే హఠాత్తుగా ఊడిపడాలని ఆమె పంతం.

ఊడిపడ్డారు. ఇంటికి తాళం వేసి ఉంది. వంశధార సముద్రంలో కలిసే చోట గేలం వేస్తుంటాడని పక్కింటావిడ చెప్పింది.

తడి ఇసుకలో చతికిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచాడు. పక్కన కొబ్బరిచిప్పలో ఎరకి తెచ్చిన రొయ్యలు ఎండకి మెత్తబడి తెల్లగా నీరు కారుతున్నాయి. వాటిని నలిపిన వేళ్లతోనే నైలాను దారం పట్టుకుని కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నాడు. దారానికి ఎక్కించిన సీసం గుండు జర్రున జారి కొక్కెం మీద పడింది. పైకి జరిపాడు. మళ్లీ జారింది. ఇక లాభం లేదని గుండుని పళ్ల మధ్య పెట్టుకుని కటుక్కున కొరికాడు. నల్లటి ఉమ్మి ఇసుకలో ఊశాడు. జొల్లు దారం పొడుగునా సాగింది.

సీతమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఈ నోటితోనా దేవుడి పాటలు పాడేది? ఇలాంటి మనిషితో కాపురమంటే మాటలా?

“సూడమ్మా, బాగా సూడు. పళ్లు గట్టివే,” అంది మెర్సీ నవ్వు ఆపుకుంటూ.

సీతమ్మ విసురుగా వెళ్లి అతని ఎదుట నిలబడింది. తానెవరో చెప్పలేదు.

“ఆ సీసం నోట్లో ఎట్టుకుంటావేటయ్యా? విషం కాదా అది?”

సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లనుకుని అతను తీరిగ్గా వివరించాడు. గుండు కొక్కెం మీదకి జారితే ఎర బురదలో కూరుకుపోతుంది, పీతలు తినేస్తాయి. జానెడు పైన ఆగితేనే చేప కంట పడుతుంది. సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టి చూశాడు, ఎండకి పగిలిపోయింది. గుండు కన్నంలో చీపురుపుల్ల దూర్చి చూశాడు, నాని ఊడిపోయింది.

“పళ్లని మించింది నేదమ్మా. ఒక్కపాలి కొరికితే వారం కదల్దు,” అని ఇకిలించాడు. పళ్ల మీద బూడిదరంగు మరక.

సీతమ్మ ఛీ అంది. పైకే అంది. కొరికిన గుండు పీకి పారేయించి, కొత్తది ఎక్కించమంది. ఎక్కించగానే దారం లాక్కుంది. జొల్లు చేతికంటింది. కొంగుకి తుడిచి, ఈ చీర ఇక ఉతికినా పనికిరాదని తిట్టుకుంది. చేతిసంచి కుట్టు ఊడి వేలాడుతున్న పోగు పుటుక్కున తెంపింది. జూట్ మిల్లులో పాతికేళ్లు తెగిన పోగులు ముడేసిన చెయ్యి అది. అలవాటుగా పోగు కొస పెదాల మధ్య తడపబోయి, గుర్తొచ్చి, నీళ్లలో ముంచింది. గుండుకి పైన ఒకటి, కింద ఒకటి, నైలాను చుట్టూ అయిదేసి చుట్లు చుట్టి ముడి బిగించింది.

“ఏలితో తోస్తే జరుగుతాది. తొయ్యకపోతే అక్కడే ఉంటాది. దీనికి నోటితో పనేటి?”

ఏసురాజు దారం ఊపి చూశాడు. గుండు ఆగింది. పై ముడినీ కింది ముడినీ బొటనవేలితో తోశాడు. వేలెడు జరిగి మళ్లీ ఆగింది.

నెల్లిమర్ల నుంచి వచ్చామండీ అని అప్పుడు చెప్పింది మెర్సీ. అతను మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచాడు. లుంగీ కిందికి దించాడు. చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తోచక ఆ లుంగీకే తుడుచుకున్నాడు. సీతమ్మ మొహం తిప్పుకుంది.

“ఇంకెప్పుడూ కొరకనండి,” అన్నాడు.

“ముందెల్లి నోరు కడుక్కో,” అంది సీతమ్మ.

బస్టాండు కుళాయి దగ్గర ఆమె మూడుసార్లు చేతులు కడుక్కుంది. బస్సెక్కాక వేళ్లు వాసన చూసుకుని మూతి విరిచింది. ఆ ఊరు రోత, ఆ రొయ్యలు రోత, ఆ మనిషి మరీ రోత అని శ్రీకాకుళం దాకా తిడుతూనే ఉంది. మెర్సీ మొహం మాడిపోయింది. పాస్టరు గారికి ఏమని చెప్పాలో తెలియక ఫోను ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

“సెప్పేవోళ్లు నేక అలా తయారయ్యాడు,” అంది సీతమ్మ చివరికి, కిటికీలోంచి చూస్తూ. “సరేనని సెప్పీ పాస్టరు గారికి.”

మర్నాడు ఆరాధన చివర పాస్టరు గారు లేచి, భార్య పోయిన కళింగపట్నం ఏసురాజుకీ, భర్త పోయిన మన సంఘం సీతమ్మకీ జరగబోయే పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని ప్రకటన చదువుతుంటే, మెర్సీ ఒళ్లో చంటిదాన్నీ పక్కన మొగుణ్నీ పెట్టుకుని, నోరు తెరిచేవాళ్లెవరా అని చర్చంతా కలయజూసింది.