ముంగిస దాచిన విరుగుడు మూలిక

ముంగిసకు కంటి మీద కునుకు లేదు. పాము కాటేస్తే ఎలాగన్న దిగులు. గట్టు మీద విషం విరిచే ఆకు కనబడితే చాలు, వేళ్ళతో సహా పీకి బొరియలో కుక్కేది. అదీ చాలదేమోనని మళ్ళీ పరుగెత్తేది.

ఒకనాడు కుందేలు రొప్పుతూ వచ్చింది. "అక్కా, మా బుడ్డోణ్ణి పాము కరిచింది. రెండాకులియ్యవూ?"

"రేపు నాకే కావాల్సొస్తే?" అని గొణిగినా, ఉండబట్టలేక ముంగిస లోపలికి దూరింది. పైన తీస్తే బూజు. అడుగున తీస్తే కుళ్ళు. బొరియంతా తిరగేసింది.

"గట్టుకు పోయి పచ్చిది కోసుకోవే!" అని అరిచింది.

"గట్టంతా వెతికే వచ్చానక్కా. నువ్వు పీకని మొక్క ఒక్కటి ఎక్కడుందో చెప్పు, పరిగెత్తుతా."